పూటకూళ్లవాని బాకీ



లూకా సువార్త 10వ అధ్యాయములోని మంచి సమరయుని ఉపమానము మనలో చదువురాని అవ్వలకు సైతము కంఠోపాఠముగా వచ్చును. యెరికో త్రోవలో దొంగల చేత చిక్కినవాడెవడు, చూచి ప్రక్కగా పోయిన యాజకుడెవడు, లేవీయుడెవడు, నూనెయు ద్రాక్షారసమును పోసి గాయములు కట్టినవాడెవడు అని అడిగిన యెడల ఆదివారపు బడి పిల్లలు ఒకరిమీద ఒకరు పడి జవాబు చెప్పుదురు. అయితే ఆ కథలో ఇంకొక మనుష్యుడు కలడు. పదునెనిమిది సంవత్సరములుగా ఈ వాక్యభాగముమీద ప్రసంగించుచుండియు మేము అతనిగూర్చి ఒక్కమాటయైనను చెప్పియుండలేదు. సెమినరీలో మా అధ్యాపకులు కూడ అతనిని దాటిపోయిరి. అతడు పూటకూళ్లవాడు.

అతని సంగతి కొంచెము ఆలోచించుడి. సమరయుడు గాయపడినవానిని తన వాహనముమీద ఎక్కించి తెచ్చి, ఒక రాత్రి కనిపెట్టుకొనియుండి, మరునాడు రెండు దేనారములు పూటకూళ్లవాని చేతిలో పెట్టి, ఇంకేమి ఖర్చయినను తిరుగు ప్రయాణములో తీర్చెదనని చెప్పి వెళ్లిపోయెను. దేనారమనగా ఒక దినపు కూలి అని మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట కూలివారి కథవలన మనకు తెలియును. కాబట్టి పూటకూళ్లవానికి ముట్టినది రెండు దినముల కూలి. కొనప్రాణముతో వచ్చినవాడు రెండు దినములలో లేచి నడచిపోవునా? గంజి కాచవలెను, గుడ్డలు మార్చవలెను, రాత్రులు దీపము పెట్టవలెను. ఇదంతయు అరువు. ఎవరి మాటమీద? ఊరు తెలియని, జాతి వేరైన, త్రోవన పోవు ఒక పరదేశి మాటమీద. సమరయుని మంచితనము ఎంత గొప్పదైనను, అతని మాటను నమ్మి పద్దు వ్రాసికొన్న ఈ వ్యాపారి లేనియెడల అది సగములో ఆగిపోయియుండును.

సమరయుడు తిరిగి వచ్చి బాకీ తీర్చెనా లేదా అనునది ప్రభువు చెప్పలేదు. తీర్చియే యుండునని మా నమ్మకము. అయితే ఇట్లు తలంచుడి. తిరిగి వచ్చునప్పుడు ఇంకొక త్రోవలో ఇంకొక పూటకూళ్ల యిల్లు తెరచిరనియు, అక్కడ భోజనము కొంచెము చౌక అనియు విని, అతడు ఆ త్రోవన పోయినయెడల మనము అతనిని ఇప్పటికిని మంచి సమరయుడని పిలుచుచుందుమా?

ఈ ప్రశ్న మాకు ధ్యానములో తోచినది కాదు. మా తప్పువలన పుట్టినది. ఆ సంగతి దాచక వ్రాయుచున్నాము.

2020 మార్చి 25వ తేదీ మొదలుకొని దేశమంతయు మూయబడిన దినములను మీరు మరువలేదు. గుడి తలుపులు మూసితిమి. ఏప్రిలు 12న పునరుత్థాన పండుగను ఎవరి యింటిలో వారు చాపమీద కూర్చుండి ఆచరించితిమి. ప్రార్థనా మందిరములు తెరచుటకు జూను 8 వరకు అనుమతి రాలేదు. తాపీపనికి, హోటలు పనికి పట్టణములకు పోయిన మన పిల్లలు ఉత్త చేతులతో ఇల్లు చేరిరి. కొందరు రోడ్డువెంట దినముల కొలది నడచి చేరిరి. ప్రభుత్వమువారు ఏప్రిలు నుండి కార్డులో ఉన్న మనిషికి 5 కిలోల చొప్పున బియ్యము ఉచితముగా ఇచ్చిరి. దానివలన పొయ్యి ఆరలేదు, దేవునికి స్తోత్రము. గాని బియ్యము ఉన్నంతమాత్రాన అన్నము కాదు గదా. ఉప్పు కావలెను, చింతపండు కావలెను, గరిటెడు నూనె, సబ్బుబిళ్ల, పసిపిల్లకు బిస్కెట్టు కావలెను. వీటికి కార్డు లేదు.

మా పేట మొదట, బస్సు ఆగుచోట, ఒక చిన్న కిరాణా కొట్టు కలదు. ఆ కొట్టులో 'అరువు రేపు' అని వ్రాసిన అట్ట ఒకటి చాల సంవత్సరములుగా వ్రేలాడుచుండెను. రేపు వచ్చినను ఆ అట్టమీద రేపు అనియే యుండును గదా, పిల్లలు చదివి నవ్వుకొనెడివారు. ఏప్రిలు మొదటి వారములో ఆ శెట్టిగారు ఎవరికిని చెప్పకుండ ఆ అట్టను త్రిప్పి గోడవైపు పెట్టిరి. అది మొదలు పొడుగాటి పుస్తకములో పేట పేటంతయు పద్దులకెక్కెను. పాస్టరుగారి పేరుతో కూడ ఒక పుట ఉండెను. 2016 నవంబరు 8 రాత్రి 500, 1,000 రూపాయల నోట్లు చెల్లవన్నప్పుడును ఆ పుస్తకమే కొన్ని వారములు మన కూరలో ఉప్పు వేసెను. అయితే అప్పుడు అది వారముల మాట. ఈసారి నెలలు. పట్టణములోని హోలుసేలు వ్యాపారి రొక్కము లేనిదే ఆయనకు మూట దింపుటలేదనియు, ఇంటివారి గాజులు కుదువపెట్టి సరకు తెచ్చుచున్నారనియు మాకు చాల ఆలస్యముగా తెలిసెను.

ఆ దినములలో జరిగిన సత్క్రియలు అనేకములు. కుట్టుమిషను పెట్టుకొన్న మన సహోదరి ఒకతె ముక్కగుడ్డలతో మాస్కులు కుట్టి పంచెను. యౌవనస్థులు రోడ్డుప్రక్క వేపచెట్టు క్రింద కుండలు పెట్టి, నడచిపోవువారికి నీళ్లు పోసిరి. గేదె ఉన్న ఇంటివారు మజ్జిగ పంపిరి. మంగలివాడు భయపడక మంచము పట్టిన ముసలివాని ఇంటికి వచ్చి గడ్డము గీసి పోయెను. ఇవన్నియు గుడి తెరచిన మొదటి ఆదివారమున పేరుపేరున చెప్పి దేవుని స్తుతించితిమి. కొట్టువారి అరువును మాత్రము మనలో ఎవరును సత్క్రియలలో లెక్కింపలేదు. వ్యాపారమే గదా, లాభము ఉండును గదా అనుకొంటిమి.

ఇక మా తప్పు. అక్టోబరులో కానుకలు కొంత కూడి, మాకు రావలసిన నాలుగు నెలల జీతము ఒక్కసారి చేతికి వచ్చినది. కొట్టులో మా బాకీ 3,840 రూపాయలు. ముందు అది తీర్చి రండి అని మా యింటివారు అనిరి. మేమును అట్లే అనుకొంటిమి. గాని పిల్లల చదువు, మోటారు సైకిలు రిపేరు అని కాగితముమీద లెక్క వేయగా వేయగా బాకీ వచ్చే నెలకు జరిగెను. చేతిలోని రొక్కముతో బస్సెక్కి పట్టణమునకు పోయి, అక్కడి పెద్ద సూపరు మార్కెట్టులో నెలకు సరిపడు సరకు కొంటిమి. కొట్టు ధరకంటె ఇంచుమించు 200 రూపాయలు కలిసివచ్చెను. మూతగల ఒక ప్లాస్టిక్కు డబ్బా ఊరకే ఇచ్చిరి. సంతోషముతో బస్సెక్కితిమి. బస్సు తిరిగి వచ్చి ఎక్కడ ఆగును? ఆ కొట్టు ముందరనే గదా.

సంచులమీద ఆ మార్కెట్టు పేరు పెద్ద అక్షరములతో ఉండెను. ఆ పేరు కనబడకుండ సంచులను కాళ్ల వైపునకు త్రిప్పి పట్టుకొని దిగితిమి. ఎవరును ఏమియు అనకముందే ఆ త్రిప్పుటయే మా మీద సాక్ష్యము పలికెను. శెట్టిగారు లేచి నిలువబడి, "అయ్యగారూ, సంచులు బరువుగా ఉన్నట్టున్నాయి, ఉండండి, మా కుర్రాణ్ణి పంపిస్తాను" అనిరి. వద్దన్నను వినలేదు. ఆ బాలుడు రెండు సంచులను మా గుమ్మము వరకు మోసికొని వచ్చి దించి, నమస్కారము పెట్టి పోయెను. బాకీ మాట ఆయనయు ఎత్తలేదు, బాలుడును ఎత్తలేదు. ఆ రాత్రి మాకు ముద్ద దిగలేదు.

మరి చేసిన పాపమేమి? దొంగిలించితిమా? లేదు. ఎగవేయవలెనని తలంచితిమా? అదియు లేదు. మన డబ్బు మనకు ఇష్టమైనచోట ఖర్చుపెట్టుకొనుట నేరమా? మా మనస్సులో ఈ వాదములన్నియు వరుసగా లేచినవి. న్యాయస్థానములో నిలుచును గాని దేవుని సన్నిధిని నిలువలేదు.

మొదటిది తేటగానే కనబడుచున్నది. చేతిలో పెట్టుకొని పొరుగువానితో రేపు రమ్మని చెప్పకూడదని సామెతలు 3వ అధ్యాయము బోధించుచున్నది. కొట్టువాడు 'అరువు రేపు' అన్న అట్టను త్రిప్పివేసెను. మేము దానిని తెచ్చి మా జేబుమీద తగిలించుకొంటిమి.

రెండవది అంత తేటగా కనబడదు. మా దృష్టికి అదియే బరువైనది. కష్టకాలములో అరువు ఒకచోట, మంచి కాలములో రొక్కము ఇంకొకచోట. చిన్న కొట్టులో సబ్బుబిళ్ల రూపాయి ఎక్కువ ఎందుకు? ఆయన పది బిళ్లలు తెచ్చును, మార్కెట్టువారు లారీలు దింపుదురు. అది ఒక కారణము. ఇంకొక కారణము ఆ పొడుగాటి పుస్తకము. అందులోని బాకీలన్నియు వసూలు కావు. వసూలగునవి ఆలస్యముగా వచ్చును; అంతవరకు ఆయన డబ్బు నిద్రపోవుచుండును. ఆ భారము ఆ రూపాయిలో ఉన్నది. అనగా మంచి నెలలలో మనము ఇచ్చు ఆ రూపాయియే చెడ్డ నెలలలో మనకు అరువై తిరిగి వచ్చుచున్నది. ఈ రూపాయిని తప్పించుకొని ఆ అరువును మాత్రము ఆశించుట విత్తనపు వడ్లు వండుకొని తిని, తొలకరికి విత్తనములు లేవేమని అడుగుటవంటిది. పట్టణపు మార్కెట్టు ఆ ఏప్రిలులో మన పేటలో ఎవరికి ఉప్పు పొట్లము అరువిచ్చెను? ఇయ్యలేదని దానిని నిందించుట లేదు. దానికి మన ముఖములు తెలియవు.

లాభము వచ్చు పని సత్క్రియ యగునా అను సందేహము కొందరికి కలదు. 2 రాజులు 4వ అధ్యాయములోని విధవరాలి కథ చూడుడి. అప్పులవాడు ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు వచ్చియుండెను. ఎలీషా ఆమెను బిచ్చమునకు పంపలేదు. ఇరుగుపొరుగువారియొద్ద వట్టి పాత్రలు ఎరవు తెమ్మనెను. ఎవరును ధనమియ్యలేదు, అటకమీది కడవ, మూలనున్న బాన, అంతే. దేవుడు వాటిని నింపెను. తరువాత ప్రవక్త ఆమెతో చెప్పినది ఆ నూనె అమ్మి అప్పు తీర్చుమని. ఇక్కడ మేము ఆగి ఆలోచించితిమి. అమ్ముమన్నాడు సరే, కొన్నవారెవరు? ఆ పాత్రలిచ్చిన పొరుగువారే కొనియుందురని మేము అనుకొనుచున్నాము. ఆ సాయంకాలము వారందరు నూనె పొరుగూరిలో కాణీ చౌక అని సిద్దెలు పట్టుకొని పోయినయెడల, దేవుని అద్భుతము ఆ ఇంటిలో నిండు బానలుగా నిలిచియుండును గాని పిల్లలు విడుదల పొందియుండరు.

ధర్మము చేయుట సులభమని మేము చెప్పుట లేదు. గాని ధర్మము పుచ్చుకొనువాని చేయి క్రింద ఉండును. అమ్మువాని చేయి, కొనువాని చేయి సమముగా ఉండును. మన తెలుగు సంఘముల చరిత్రలోనే దీనికి దృష్టాంతము కలదు. 1876 మొదలు 1878 వరకు ఈ దేశమును కాల్చిన పెద్ద కరవులో, ఒంగోలులో ఉన్న అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు గంజి దొన్నెలు పట్టించుటతో ఊరకుండలేదు. ఆయనకు సర్వేపని తెలియును. ప్రభుత్వమువారు త్రవ్వించుచున్న బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల భాగము గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని చూపి కూలి ఇప్పించిరి. ఇంకొకటి చేసిరి. కరవు పని జరుగుచున్నంతకాలము బాప్తిస్మములు ఆపియుంచిరి, కూటికొరకు ప్రభువును ఒప్పుకొన్నారను మాట ఎవరిమీదను రాకూడదని. తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ యేటిలో, వెల్లంపల్లియొద్ద, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనలో కొన్ని కుటుంబముల విశ్వాసము ఆ యేటి గట్టున మొదలైనదే. తమ కష్టముతో సంపాదించిన కూలి డబ్బు చేతపట్టుకొని అంగడికి పోయిన మనుష్యులు వారు. గుడికి అడిగితిని పొందితిని అనుటకు రాలేదు.

మేము ఈ సంగతి సంఘములో మాటలాడినప్పుడు ఎదురుమాటలు వచ్చినవి. వాటిని త్రోసివేయక ఇక్కడ వ్రాయుచున్నాము, ఏలయనగా అవి మా ప్రసంగముకంటె బలమైనవి.

దినకూలికి పోవు తల్లి ఒకతె, "అయ్యగారూ, మాకు రూపాయి రూపాయే గదండీ" అనెను. నిజమే. ఆమెతో వాదించుటకు మాకు నోరు లేదు. గొర్రెపిల్లను తేలేని బాలింత రెండు గువ్వలను తేవచ్చునని లేవీయకాండము 12వ అధ్యాయములో దేవుడే కొలత తగ్గించెను; మన ప్రభువు తల్లియు ఆ చిన్న కొలతతోనే దేవాలయమునకు వచ్చెను. అయితే జరుగుచున్నది చూడుడి. ఆ కూలి తల్లి పది రూపాయల నూనె పొట్లమునకు ఎట్లును ఆ కొట్టుకే పోవుచున్నది. మోటారు సైకిలు వేసికొని పట్టణమునకు పోవువారెవరు? చేతిలోని ఫోను నొక్కి ఇంటికి మూటలు తెప్పించుకొనువారెవరు? నెల జీతముగల మనమే. ఉపాధ్యాయులము, నర్సులము, పాస్టరులము. గొర్రెపిల్లను తేగలవారము మందనుండి తప్పించుకొని గువ్వలవారిమీద భారము వేయుచున్నాము.

ఒక పెద్దమనిషి లేచి అడిగిన మాట ఇంకను కఠినమైనది. "వాళ్ల తాత మా తాతను కొట్టు మెట్టెక్కనీయలేదయ్యగారూ. దూరంగా నిలబడి, డబ్బులు నేలమీద పెట్టి, సరుకు పైనుంచి కొంగులో పడేయించుకున్నోళ్లం. ఇప్పుడు వాళ్ల కొట్టు నిలబెట్టే పని మనదా?" గుడిలో కొంతసేపు ఎవరును మాటలాడలేదు. ఇది మన ఇంటి కథ, కల్పన కాదు. రాజ్యాంగము అంటరానితనమును 1950లోనే కొట్టివేసినను, కొట్టు మెట్టుమీదనుండి అది దిగుటకు చాల యేండ్లు పట్టెను. పట్టణపు మార్కెట్టులో మన పిల్లవాడు తన చేతితో తాను సరకు ఏరుకొని, ఎవరును నీవెవరవని అడుగకుండ బయటికి వచ్చుచున్నాడు. అది చిన్న సంగతి కాదు, దానిని తక్కువచేసి మాటలాడుట మాకు తగదు. ఎక్కడనైనను ఇంకను మనకు వేరు గ్లాసు పెట్టువాడున్నయెడల వానియొద్ద టీ త్రాగనక్కరలేదు. మన రూపాయి అక్కడికి పోకుండుటయే వానికి మన జవాబు. గాని తాత చేసినది మనుమని పద్దులో వ్రాయవచ్చునా? ఈ మనుమడు చెడ్డ నెలలలో మన పేరు తన పుస్తకములో వ్రాసికొని, సరకు మన చేతికి ఇచ్చెను, నేలమీద పెట్టలేదు. ఆ పెద్దమనిషి కొంతసేపు ఊరకుండి, "చేతికే ఇచ్చాడు, ఆ మాట నిజం" అనెను. అంతకంటె ఎక్కువ ఒప్పుకొనలేదు. ఒప్పించుటకు మేమును ప్రయత్నింపలేదు.

మన విశ్వాసులయొద్దనే కొనవలెననువారు కొందరు. విశ్వాస గృహమునకు చేరినవారియెడల మరి విశేషముగా మేలు చేయవలెనని అపొస్తలుడు గలతీయులకు వ్రాసినమాట వాస్తవమే. గాని మనము చేయుచున్నదేమి? దర్జీ మన సహోదరి యైనయెడల కూలి తగ్గించుమని అడుగుదుము. పొరుగువాడైనయెడల అడిగినంత ఇత్తుము. మాస్కులు కుట్టి పంచిన ఆ సహోదరికే క్రిస్మసు బట్టల కుట్టుకూలి మన ఇండ్లనుండి సంక్రాంతి దాటినను రాలేదు. కూలివాని కూలి ప్రొద్దు క్రుంకకముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము చెప్పుచుండగా, మనము పండుగనాడు ఆమె కుట్టిన రవిక తొడుగుకొని ఆమె ప్రక్కనే కూర్చుండి పాటలు పాడితిమి.

బేరము సంగతియు ఒక మాట. కొనునప్పుడు సరకు బాగులేదని పెదవి విరిచి, ఇంటికి పోయి ఎంత చౌకగా కొంటినో అని అతిశయించువానిని సామెతలు 20వ అధ్యాయము ఎంత చక్కగా పట్టుకొన్నది! గంపలో నాలుగు కట్టల గోంగూర పెట్టుకొని ఎండలో వచ్చిన అవ్వతో రెండు రూపాయలకు పోట్లాడుదుము. మార్కెట్టులో అచ్చువేసిన ధరకు కిక్కురుమనము. బేరము ఆడవద్దని మేము అనము. అవ్వలకు కూడ అది సరదాయే. బేరము లేకుండ ఇచ్చినయెడల, "ఏమమ్మా, ఒంట్లో బాగాలేదా" అని అడిగిన అవ్వను మేము ఎరుగుదుము. గెలిచిన రెండు రూపాయలు ఎవరి పళ్లెములోనివో మాత్రము తెలిసి ఆడవలెను.

అమ్ముకొని బ్రదుకువారు మన సంఘములోను కలరు. వారికి ఒక్కమాట చెప్పి ముగింతుము. పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లలతో కూడి డేరాలు కుట్టెను. ఆ డేరా కారిపోయినయెడల అతని సువార్త ఎవరు విందురు? తూకపు రాయి రెండు రకములుగా పెట్టుకొనవద్దని ధర్మశాస్త్రము, కొల చిన్నది చేసి వెల పెద్దది చేయువారిమీద ఆమోసు ప్రవక్త కోపము, ఇవి మీకు తెలిసినవే. పొరుగువాడు కనికరముతో కొనును అని నాసిరకము పెట్టకుడి.

ఆ రాత్రి గడచిన తరువాత ఏమి చేసితిరని మీరు అడుగుదురు. ఉదయముననే పోయి 3,840 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చితిమి. మోటారు సైకిలు రెండు నెలలు మూలన నిలిచెను. శెట్టిగారు మా పుటను తెరచి, అడ్డముగా గీత గీసి, ప్రక్క పుటలోని పేరు మాకు కనబడకుండ అరచేయి అడ్డము పెట్టిరి. క్షమించుడని అడుగబోతిమి. ఆయన మా మాట పూర్తికానీయక, "ఉప్పు వచ్చిందండీ, కొత్త లోడు, కావాలా?" అనిరి. ఉప్పు రెండు పొట్లములు కొంటిమి. ఇంటిలో మార్కెట్టునుండి తెచ్చినది ఉండనే యున్నది.

ఇది జరిగిన కొన్ని నెలలకు, 2021 మేలో, రెండవ వ్యాధితరంగములో మన పేటలో ఒక అవ్వ నిద్రించెను. ఆమెకు ముందువెనుక ఎవరును లేరు. కొట్టులో ఆమె బాకీ 460 రూపాయలున్నదని మన స్త్రీల సమాజమువారికి తెలిసెను. వంట వండునప్పుడెల్ల తీసిపెట్టు పిడికెడు బియ్యమును అమ్మి, ఆ డబ్బు కొంగున ముడివేసికొని నలుగురు స్త్రీలు కొట్టుకు పోయిరి. శెట్టిగారు పుస్తకము తీయలేదు. "ఆ అవ్వ పద్దు ఆమె పోయిన రోజే కొట్టేశానమ్మా" అనిరి. తీసికొమ్మని వీరు, వద్దని ఆయన. కొంతసేపు అట్లే నిలువబడిరి. తుదకు మన పెద్దమ్మగారొకరు ఆ 460 రూపాయలు బల్లమీద పెట్టి, "అయితే ఈ డబ్బుకు సరుకు కట్టవయ్యా" అనిరి. కందిపప్పు, నూనె, చక్కెర, సబ్బులు కట్టించుకొని, అదే వారములో కొడుకును పోగొట్టుకొన్న, కులము వేరైన, వెనుక వీధి ఇంటికి మోసికొని పోయిరి. సరి తూచిన తరువాత శెట్టిగారు ఒక బెల్లపుముక్క పైన వేసిరట. అది పద్దులో వ్రాయలేదు.